సుగ్గికి పోయిన పిల్లకు ఎవరు హాజరు వేయాలి?

కోసిగి, ఆదోని పల్లెల నుంచి మాదిగ, బోయ కూలీలు మిరపకాయల కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. తల్లి కాయలు కోస్తుంటే చంటిదాన్ని ఎత్తుకోవడానికి ఎనిమిదేళ్ల అక్క కూడా పోవాల్సిందే. ఊరి బడి రిజిస్టర్లో ఆ నెలలన్నీ గైర్హాజరు. 2020 నాటి అమ్మ ఒడికైనా, 2025లో వచ్చిన తల్లికి వందనానికైనా 75 శాతం హాజరు నిబంధన. బడికి రప్పించాల్సిన డబ్బు వలస తల్లికే అందకుండా పోయే షరతు ఇది! సీజనల్ హాస్టళ్లు ఉన్నాయంటారు. కుటుంబాలు బస్సెక్కాక తెరిస్తే ఎవరికి? 2009 విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ వలస పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యతను స్థానిక సంస్థలపైనే పెట్టింది. మిరపతోట పక్కనున్న బడి ఆ పిల్లను కూర్చోబెట్టుకోవాలి, ఆ హాజరును సొంతూరి లెక్కలో కలపాలి.