ఆకాశమునకు చెవి యొగ్గినవారు

వేసవి రాత్రి ఆరుబయట మంచముపై పరుండి నక్షత్రములను చూచుచు, "అచ్చట కూడ మనవంటివారు ఉందురా?" అని తలపోయని బాలుడు అరుదు. పెద్దవారమైనకొలది ఆ ప్రశ్నను మరచుట పరిపాటి. మరువనివారు కొందరు కలరు. వారిలో శాస్త్రజ్ఞులు కొద్దిమందియే. తక్కినవారు జీతభత్యములు కోరక ఆ పనికి తోడ్పడిన సామాన్యులు. నేనును వారిలో నొకడను. మాది వెర్రి ఆశ యని నవ్వినవారు పెక్కుమంది కలరు.

ఈ అన్వేషణ 1960లో ఆరంభమైనదని చెప్పవచ్చును. ఆ యేట ఫ్రాంక్ డ్రేక్ అను శాస్త్రజ్ఞుడు, అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ అను చోట 26 మీటర్ల వెడల్పుగల రేడియో దూరదర్శినిని రెండు నక్షత్రములవైపు త్రిప్పి ఆలకించెను. హైడ్రోజను వాయువు 1420 మెగాహెర్ట్జుల వద్ద సహజముగా రేడియో తరంగములను వెలువరించును. విశ్వమునందు మిక్కిలి విస్తారముగా నున్న మూలకము అదియే గనుక, సందేశము పంపదలచినవారు ఆ స్థానమునే ఎన్నుకొందురని ఆయన ఊహ. మనకు తోచినది వారికిని తోచునో లేదో! ఏమైనను, అతనికి ఏమియు వినబడలేదు.

1993లో అమెరికా శాసనసభ ఈ పనికి ధనము నిలిపివేసెను. అప్పుడు సామాన్యుల తోడ్పాటు విలువైనదయ్యెను. 1999 మే నెలలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారు 'సెటీ ఎట్ హోమ్' అను పథకమును ప్రారంభించిరి. ప్యూర్టోరికో ద్వీపమునందలి అరెసిబోలో 305 మీటర్ల వెడల్పుగల దూరదర్శిని సేకరించిన సమాచారమును చిన్న చిన్న తునకలుగా చేసి, ఇంటింటి కంప్యూటర్లకు పంపిరి. గాదెలోని ధాన్యమును ఒక్కడు చెరుగలేడు. ఊరివారందరు తలకొక చేట పట్టినచో పని తీరును. అట్లే 50 లక్షలకు పైగా జనులు ఇందులో చేరిరి. తొలినాళ్లలో ఒక్క తునకను పరీక్షించుటకు మా యంత్రమునకు రెండు రాత్రులు పట్టెడిది. ఇంటివారు విద్యుత్తు బిల్లు చూపి గొణిగిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు.

2020 మార్చి 31న ఆ తునకల పంపిణీ ఆగిపోయెను. ఆ యేడాది డిసెంబరు 1న అరెసిబో దూరదర్శినియు కూలిపోయెను. ఇరువదియేండ్లలో మా కంప్యూటర్లు గుర్తించిన సంకేతములు సుమారు 1200 కోట్లు. వానిలో బహుభాగము మన ఉపగ్రహములు, రాడార్లు మొదలగువాని రొదయే! జల్లించగా జల్లించగా, మరల పరిశీలింపదగినవి నూరు మాత్రము మిగిలెను. ఆ నూరును వట్టి రొదయే కావచ్చును.

ఇంత శ్రమయు వృథాయేనా? నాకట్లు తోచదు. 1977లో ఒహాయో రాష్ట్రమునందలి 'బిగ్ ఇయర్' దూరదర్శినికి 72 సెకనుల పాటు ఒక ప్రబలమైన సంకేతము అందినది. జెర్రీ ఎహ్మన్ అను స్వచ్ఛంద సేవకుడు కాగితములు పరిశీలించుచు దానిని కనుగొని, ఎర్రసిరాతో సున్న చుట్టి, ప్రక్కన 'వావ్' అని వ్రాసెను. తరువాత ఎన్నిసార్లు వెదకినను అది మరల దొరకలేదు. అది పరలోకవాసుల పిలుపే యని చాటినచో అతనికి జగత్ప్రసిద్ధి కలిగెడిది. అతడు ఆ మాట అనలేదు. చాలినంత సాక్ష్యము లేక పెద్ద నిర్ణయములు చేయరాదనెను. ఎగిరెడి పళ్లెములను చూచితిమని చెప్పువారికిని మాకును గల భేదము ఇదియే. ఆశపడుటకు మాకు సిగ్గు లేదు. కాని లేనిదానిని ఉన్నదనుటకు సిగ్గుపడుదుము.

మన పాలపుంతలోనే పదివేల కోట్లకు తక్కువ కాని నక్షత్రములు కలవు. 2025 నాటికి ఇతర నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములు 6,000కు పైగా కనుగొనబడినవి. మేము ఆలకించినది ఆకాశమున ఒక భాగమును, తరంగములలో ఒక సన్నని పట్టీని మాత్రమే. సముద్రములో చెంబుతో నీరు ముంచి, అందు చేప లేదు గనుక సముద్రమున చేపలే లేవనవచ్చునా? వేయి కాంతి సంవత్సరముల దూరమునుండి నేడొక పలుకు వినవచ్చినను, మన బదులు వారికి చేరుటకు మరి వేయి యేండ్లు పట్టును. కావున ఆ సంభాషణ నా జీవితమున జరుగునని నేను ఎన్నడును అనుకొనలేదు.

ఆ పాత కంప్యూటరు ఇప్పుడు మా అటకమీద నున్నది. అట్టి పథకము మరియొకటి వచ్చి మావంటివారిని పిలిచినచో, దానిని దించి దుమ్ము దులిపి చూచెదను. అది పనిచేయకున్నచో, మరియొకటి కొనుటకు ఇంటివారిని ఒప్పింపవలెను.