కొలువులో మాట విలువ

మనుష్యుడు పనిని చేతులతో చేయును. కాని పనిని సంపాదించునది, సంపాదించిన పనిలో నిలుపునది, చేసిన పనికి తగిన ప్రతిఫలము నిప్పించునది చాలవఱకు మాటయే. చేతిలో ఎంతటి నేర్పు ఉన్నను, అది ఇట్టిదని ఎదుటివారికి తెలుపలేనివాడు వాకిటనే నిలిచిపోవును. ఈ కాలమున ఉద్యోగము కోరు తెలుగు యువకులకు ఆ మాట ఎక్కువగా ఆంగ్లమున ఎదురగుచున్నది. అప్లికేషను, ఇంటర్వ్యూ, అపాయింటుమెంటు, ప్రొబేషను, ప్రమోషను, నోటీసు అను పదములు వినబడని ఇల్లు పట్టణములలోనే కాదు, పల్లెలలోను అరుదు. అయినను మాటను పలుకుట వేఱు, దాని అర్థము నెఱుగుట వేఱు. ఈ భేదము చిన్నదిగా తోచవచ్చును. దానివలన కలుగు నష్టము మాత్రము చిన్నది కాదు.

కొలువునకు సంబంధించిన పదములు పరభాషలనుండి వచ్చుట తెలుగునకు క్రొత్త గాదు. పని, కూలి, కొలువు, సెలవు అనునవి ఇంటిమాటలు. ఉద్యోగము, వేతనము అనునవి సంస్కృతమునుండి చేరినవి. గోలకొండ సుల్తానుల కాలమునుండి 1948లో నిజాము పాలన ముగియు వఱకు తెలుగుదేశమున పలు ప్రాంతములలో రాజ్యవ్యవహారములు మొదట పారసీకమునను, పిమ్మట ఉర్దూలోను సాగుటచే దరఖాస్తు, గుమాస్తా, హాజరు, సిఫారసు, రాజీనామా మొదలగు మాటలు వాడుకలోనికి వచ్చినవి. నేడు దరఖాస్తు పెట్టుకొను రైతునకు అది పారసీక పదమని తెలియదు, తెలియనక్కఱయు లేదు. అది యేమిటో, ఎందులకో, ఎవరికి పెట్టవలెనో అతడు చక్కగా ఎఱుగును. కావుననే ఆ మాట అతనిని భయపెట్టదు. పరాయి మాట తనదగుట యనగా ఇదియే. అది ఏ దేశమునుండి వచ్చినదను ప్రశ్నకంటె, దాని అర్థము పలుకువాని వశమున నున్నదా లేదా యను ప్రశ్న ముఖ్యమైనది.

ఆంగ్ల పదముల సంగతి ఇంకను అట్లు కాలేదు. దానికి చారిత్రక కారణము కలదు. 1844లో గవర్నరు జనరలు హార్డింజి ప్రభువు, ప్రభుత్వోద్యోగముల నొసగునప్పుడు ఆంగ్ల విద్య నభ్యసించినవారికే మొగ్గు చూపవలెనని ప్రకటించెను. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరములందు విశ్వవిద్యాలయములు వెలసినవి. నాటినుండి అనేకులకు ఆంగ్లము జ్ఞానమునకు ద్వారమగుటకంటె ముందు కొలువునకు ద్వారమైనది. ద్వారమును దాటినవారికి గౌరవము, దాటలేనివారికి చిన్నతనము కలుగసాగెను. క్రమముగా ఆంగ్లపు మాట అర్థమును తెలుపు సాధనము గాక, అంతస్తును చాటు బిరుదము వలె మాఱెను. బిరుదమును ధరించువాడు దాని లోపల ఏమున్నదని విప్పి చూడడు గదా!

విప్పి చూచినచో ఈ పదములు ఎంతయో బోధింపగలవు. ఉద్యోగార్థిని ఆంగ్లమున క్యాండిడేటు అందురు. ప్రాచీన రోమునగరమున పదవుల నర్థించువారు మెఱుగుపెట్టిన తెల్లని వస్త్రములు ధరించి ప్రజల యెదుటికి వచ్చెడివారు. తెల్లని వస్త్రము ధరించినవాడు అనునదియే ఆ పదమునకు మూలార్థము. ఇంటర్వ్యూ అను మాట ఫ్రెంచి భాషనుండి వచ్చినది; ఒకరినొకరు చూచుకొనుట అని దాని మూలభావము. జీవిత వివరముల పత్రమునకు పేరైన రెజ్యూమె అనునదియు ఫ్రెంచి పదమే. సంగ్రహముగా చెప్పబడినది అని దాని అర్థము. ప్రొబేషను అనునది పరీక్షించుట యను అర్థముగల లాటిను ధాతువునుండి పుట్టినది.

ఈ అర్థముల నెఱిగిన విద్యార్థి నడత వేఱుగా నుండును. ఇంటర్వ్యూ యనగా ఒకరినొకరు చూచుకొనుట యని తెలిసినవాడు, దానిని న్యాయస్థానమున నిందితుని విచారణ వంటిదిగా భావింపడు. సంస్థ తనను పరీక్షించునట్లే తానును సంస్థను పరిశీలింపవచ్చునని గ్రహించును. పని వేళలు ఎట్టివి, చేయవలసిన పని యేది, సెలవులు ఎన్ని, పరీక్షాకాలము ఎన్ని నెలలు అని వినయముతో అడుగును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. రెజ్యూమె యనగా సంగ్రహమని తెలిసినవాడు పది పుటలు నింపడు. తాను చేయని పనిని చేసినట్లు వ్రాయడు.

అర్థ మెఱుగనివారికి కలుగు నష్టమునకు ఉదాహరణములు కొల్లలుగా కలవు. నేటి సంస్థలు కొన్ని తమ నియామక పత్రములలో సి.టి.సి. అను మూడక్షరములను వాడుచుండును. ఒక ఉద్యోగిపై సంస్థ ఏడాదికి వెచ్చించు మొత్తమని దాని తాత్పర్యము. అది ఉద్యోగి చేతికి వచ్చు జీతము కాదు. ఒక యువకునకు ఏడాదికి 2,40,000 రూపాయలని పత్రమున ఉన్నదనుకొందము. అతడు దానిని పండ్రెండుచే భాగించి, నెలకు 20,000 వచ్చునని తలచి, దానినిబట్టి ఇంటి అద్దెయు అప్పు వాయిదాలును నిర్ణయించుకొనును. కాని మూలవేతనము 10,000 అయినచో, భవిష్యనిధికి సంస్థ చెల్లించు నూటికి 12 వంతున 1,200 రూపాయలు ఆ మొత్తములోనే చేరియుండవచ్చును. ఉద్యోగి వంతుగా మఱియొక 1,200 జీతమునుండి తగ్గును. ఇక చేతికి వచ్చునది 17,600కు మించదు. భవిష్యనిధి అతని సొమ్మే యనుట నిజము. అది వృథాగా పోదు. అయినను మొదటి నెలలోనే తాను మోసపోయితినని అతడు కుందును. అక్కడ మోసము లేదు. తెలియని మాట ఉన్నది. అట్లే నోటీసు అను మాట అర్థమెఱుగక ఒక్కనాటిలో పని విడిచి, జీతము కోల్పోవువారును కలరు. బాండు అను కాగితముపై చదువకయే సంతకము చేసి, పని విడువదలచినపుడు డబ్బు కట్టవలసివచ్చి చింతించువారును కలరు.

ఈ నష్టము సముద్రము దాటిన పిమ్మట మఱింత దారుణముగా పరిణమించును. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి అనేకులు బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోవుచున్నారు. అచటి ఒడంబడికలు సాధారణముగా అరబ్బీలోను ఆంగ్లములోను ఉండును. విజిట్ వీసా అనగా చూచివచ్చుటకు ఇచ్చు అనుమతి. ఎంప్లాయిమెంటు వీసా అనగా పని చేయుటకు ఇచ్చు అనుమతి. ఈ రెండు మాటల నడుమనున్న దూరము తెలియక, మొదటిదానిపై పోయి పనిలో చేరినవాడు ఆ దేశపు చట్టము దృష్టిలో నేరస్థుడగును. జీతము ఎగవేసినను ఫిర్యాదు చేయుటకు వెనుదీయును. విదేశములకు పనివారిని పంపు ఏజెంట్లు కేంద్రప్రభుత్వమువద్ద నమోదు కావలెనని 1983 నాటి వలస చట్టము విధించినది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు ఆ దేశములకు పనికై పోవునపుడు వలస అధికారుల అనుమతి పొందవలెనను ఏర్పాటును వారి రక్షణకే ఉద్దేశింపబడినది. కాని చట్టము ఎంతటి మంచిదైనను, చేతిలోని కాగితమును చదువలేనివానికి అది సగము రక్షణయే యొసగును. మిగిలిన సగము అతని చదువే యొసగవలెను.

ఇట్లనగా ఆంగ్లము ధారాళముగా మాటలాడువాడే యోగ్యుడని తాత్పర్యము కాదు. ఆ భ్రమయే మఱియొక పెద్ద కీడు. విద్యుద్యంత్రములను బాగుచేయుటలో ఆరితేరిన యువకుడు ఆంగ్లమున నాలుగు మాటలు తడబడినంతనే అతనిని త్రోసిపుచ్చి, యంత్రము ముఖమైన నెఱుగని వాచాలుని చేర్చుకొను సంస్థకు యంత్రములు సాక్ష్యము చెప్పును. మాటలు కోటలు దాటును, కాళ్లు గడప దాటవు అను సామెత ఇట్టివారిని చూచియే పుట్టినది. పనికి భాష ఎంత కావలెనో అంతయే పరీక్షింపవలెను. తెలుగు మాధ్యమమున ప్రజ్ఞకు లోటు లేదనుటకు నిదర్శనము కలదు. శ్రీకాకుళము జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ అఖిలభారత సివిలు సర్వీసుల పరీక్షను తెలుగున వ్రాసి, 2017లో వెలువడిన ఫలితములందు దేశమున మూడవ స్థానము నందెను. గ్రామీణ బ్యాంకు ఉద్యోగముల పరీక్షలను తెలుగు మొదలగు పదుమూడు ప్రాంతీయ భాషలలో నిర్వహింతుమని 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించెను. ఇవి మెచ్చదగిన మార్గములు.

మఱి కొందఱు, తెలుగు బిడ్డలకు ఈ ఆంగ్ల పదముల బెడద ఏల, అన్నింటిని తెనిగించిన చాలదా అందురు. వారి భాషాభిమానము గొప్పది. 1966లో తెలుగును అధికారభాషగా చేయుచు చట్టము వెలువడినది. కష్టము చెప్పుకొను పౌరుడు తన విన్నపమును రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను సమర్పింపవచ్చునని భారత రాజ్యాంగపు 350వ అధికరణము పలుకుచున్నది. ప్రభుత్వ కార్యాలయములలో తెలుగు మఱింతగా నెలకొనవలసినదే. కాని కోరిన రేపటి దినము వచ్చువఱకు నేటి కాగితము ఆగదు. సంతకము చేయవలసిన పత్రము ఆంగ్లమున ఉన్నప్పుడు, దానిని చదువగలవానికే తెలుగున నిలదీసి అడుగు ధైర్యము కలుగును. ఆంగ్ల పదమును తెలిసికొనుట తెలుగునకు ద్రోహము గాదు. తెలియనిదానికి తలయూపుట మాత్రము తనకు తాను చేసికొను ద్రోహము.

కావున ఈ పదములను నేర్చుకొను పద్ధతి మాఱవలెను. జాబితాలను వల్లించుటవలన ప్రయోజనము లేదు. విద్యార్థి ఒక చిన్న పుస్తకము నుంచుకొని, ప్రతి పదమునకు ఎదురుగా దాని అర్థమును తల్లిభాషలో, ఇంటిలోని అవ్వకు సైతము తెలియునట్లు వ్రాసికొనవలెను. అవ్వకు తెలుపలేని మాట తనకును తెలియదనియే యెంచవలెను. ఆ పదము ఏ పత్రమున కనబడును, దానివలన కలుగు హక్కు ఏది, బాధ్యత ఏది అని చేర్చవలెను. తన్ను గూర్చి చెప్పవలసివచ్చినపుడు శ్రమజీవిని, చుఱుకైనవాడను అని పొడిమాటలు పలుకుటకంటె, సెలవులలో తండ్రి దుకాణపు లెక్కలు వ్రాసితినని ఒక్క నిజము చెప్పుట మేలు. గుణమును పేర్కొన్న మాట ఎవరినుండియైనను ఎరువు తేవచ్చును. చేసిన పని మాత్రము ఎరువు దొరకదు.

తెలియని మాట ఎదురైనపుడు దాని అర్థము అడుగుట అవమానము కాదు. పెద్ద పదవులలోని వారును ఒకనాడు ఆ మాటను అడిగి తెలిసికొన్నవారే. పని కోరువాడు బిచ్చగాడు కాడు; తన శ్రమకు విలువ కోరువాడు. ఆ విలువ ఏ మాటలలో వ్రాయబడినదో చదివి, అర్థము చేసికొని, పిమ్మట సంతకము చేయుట అతని హక్కు. దస్తూరీ అందముగా నుండవలెనని బడిలో నేర్పుదురు. ఆ దస్తూరీ దేని క్రింద పడుచున్నదో తెలిసియుండుట అంతకంటె ముఖ్యము.