సిమెంటు గ్రేడు: అంకె పెద్దదైతే ఇల్లు గట్టిదా?

సిమెంటుపై వస్తు సేవల పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గుతూ 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చింది. సొంత ఇల్లు కట్టుకునే సామాన్యునికి ఇది ఊరటే. అయితే బస్తా ధరపై జరిగినంత చర్చ, అందులో ఉన్నది ఏ రకం సిమెంటన్న దానిపై జరగడం లేదు.

1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా నియంత్రణలు తొలగేవరకు సిమెంటు దొరకడమే గగనంగా ఉండేది. నేడు ఉత్పత్తిలో చైనా తర్వాతి స్థానం భారత్‌దే. కొరత తీరింది కాని, అవగాహన లోటు తీరలేదు. బస్తాపై అంకె ఎంత పెద్దదైతే ఇల్లు అంత పటిష్ఠమన్న నమ్మకం బలంగా నాటుకుపోయింది.

నిజానికి 33, 43, 53 అన్నవి సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు గ్రేడులు. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ప్రామాణిక ఇసుక కలిపి చేసిన దిమ్మ, 28 రోజులకు కనీసం ఎన్ని మెగాపాస్కళ్ల ఒత్తిడిని తట్టుకోవాలో ఆ అంక చెబుతుంది. ఇది ప్రయోగశాల కొలమానం. స్లాబు బలాన్ని నిర్ణయించేవి నీటి పాలు, ఇసుక, కంకరల నాణ్యత, తడిపే తీరు కూడా.

53 గ్రేడు త్వరగా బలం పుంజుకుంటుంది. వంతెనలకు, ఎత్తయిన కట్టడాలకు అది అనుకూలం. కాని గట్టిపడేటప్పుడు వేడి ఎక్కువగా పుట్టడంవల్ల, తగినంత తడపకుంటే పగుళ్లు వస్తాయి. గోడ కట్టుబడికి, పూతకు దాని అవసరం లేదు.

థర్మల్ కేంద్రాల బూడిదను 15 నుంచి 35 శాతం కలిపే పోజోలానా సిమెంటుకు ఇలాంటి గ్రేడు అంకె ఉండదు. అందుకే దానిని నాసిరకంగా భావించేవారున్నారు. ఇది అపోహ. అది నెమ్మదిగా బలపడుతుంది. నెలల తరబడి బలం పెరుగుతూనే ఉంటుంది. ఉక్కు కర్మాగారాల స్లాగు కలిపిన సిమెంటు ఉప్పు తాకిడిని మెరుగ్గా తట్టుకుంటుంది కనుక తీర ప్రాంతాలకు అనువైనది. రామగుండం బూడిద, విశాఖ స్లాగు వంటివి ఈ విధంగా వ్యర్థాలు కాక ముడిసరుకులవుతున్నాయి. సున్నపురాయి ఆదా అవుతుంది. దానిని కాల్చినప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువూ తగ్గుతుంది.

చిక్కల్లా నిర్మాణంలోని తొందరపాటుతోనే. పొడి, వేడి వాతావరణంలో సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం 10 రోజులు, మిశ్రమ సిమెంటు కాంక్రీటును 14 రోజులు తడపాలని భారత ప్రమాణం 456 సూచిస్తోంది. రెండింటికీ ఒకే గడువు పాటించి, సెంట్రింగు ముందే విప్పేస్తే తప్పు సిమెంటుది కాదు.

ఐఎస్ఐ గుర్తు, తయారైన వారం చూసి కొనడం వినియోగదారుని బాధ్యత. ఏ రకం ఏ పనికి తగునో, ఎన్నాళ్లు తడపాలో బస్తాపై స్థానిక భాషలో ముద్రించేలా చూడవలసింది ప్రభుత్వమే. పన్ను తగ్గింపువల్ల మిగిలే సొమ్ము పగుళ్ల మరమ్మతులకు పోకుండా కాపాడేది ఆ సమాచారమే.