మిరుమిట్లు గొలిపే దీపాలు: కార్మికుని భద్రత ఎవరి బాధ్యత?

భిలాయి ఉక్కు కర్మాగారానికి రాత్రి షిఫ్టుకు పోయేవారు, దుర్గ్ స్టేషనులో డ్యూటీ దిగి ఇల్లు చేరేవారు, టపా సంచులు చేరవేసే వాహనాల డ్రైవర్లు - అందరికీ దారి జి.ఇ.రోడ్డే, నేటి 53వ నెంబరు జాతీయ రహదారి. శీతకాలంలో శివనాథ్ నది వైపు మంచు కమ్మినవేళ, మోపెడుపై పోయే మన సోదరునికి ఎదుటి కారు దీపాలు కళ్ళలో గ్రుచ్చుకొంటవి. గంటకు 60 కిలోమీటర్ల వేగాన పోయేవాడు మూడు సెకన్లు చూపు కోల్పోతే 50 మీటర్లు గుడ్డిగా పోయినట్లే.

దీనిని కేవలం డ్రైవర్ల మర్యాదకు సంబంధించిన విషయమని కొట్టివేయుటకు మేము అంగీకరించము. 2024 ఏప్రిల్ 9 రాత్రి ఇదే జిల్లాలోని కుమ్హారి వద్ద, పని ముగించి వస్తున్న కార్మికుల బస్సు మొరం గుంటలో పడి కనీసం పన్నెండుమంది మరణించారు. ఆ దుర్ఘటనకు దీపాల మిరుమిట్లే కారణమని మేము అనడంలేదు. కాని కార్మికుని భద్రత ఫ్యాక్టరీ గేటు వద్ద ముగియదని ఆ రాత్రి మనకు తెలియజెప్పినది.

రైల్వేలో వెలుతురును ఎవరి ఇష్టానికీ వదలలేదు. ఇంజను హెడ్‌లైటుకు కొలత ఉన్నది: 305 మీటర్ల దూరాన 3.2 లక్సులు. ఎదురు బండి వచ్చునపుడు దానిని తగ్గించవలెనన్న నిబంధన ఉన్నది. మంచు కమ్మితే స్టేషను మాస్టరు 180 మీటర్ల దూరాన గల గుర్తు కనబడుచున్నదో లేదో చూచును. కనబడనిచో సిగ్నలుకు 270 మీటర్ల ముందు రెండు డిటొనేటర్లు పట్టాలపై ఉంచుదురు. నేడు లోకోపైలట్ల చేతికి ఫాగ్ పాస్ యంత్రం వచ్చినది; దక్షిణమధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర ‘కవచ్’ నెలకొన్నది. హెడ్‌లైటు ఎంత పెద్దదైనా మంచును చీల్చలేదని రైల్వే ఏనాడో గ్రహించినది.

రోడ్డుపై ఈ గ్రహింపే కొరవడినది. మంచులోని నీటి తుంపరలు వెలుతురును వెనుకకు చెదరగొట్టును. హైబీమ్ వేసిన కొలదీ డ్రైవరు ఎదుట తెల్లని గోడ లేచును. పసుపు గాజు మంచును చీల్చునన్నది కూడా అపోహయే. తుంపరల పరిమాణం కాంతి తరంగాల కంటె చాల పెద్దది గనుక ఏ రంగైనా ఒకే తీరున చెదరును. క్రిందుగా అమర్చి, వెడల్పుగా నేలబారున ప్రసరింపజేసి, పైఅంచు కత్తిరించినట్లుండే ఫాగ్ ల్యాంపే ఉపయోగకరము.

చట్టం లేదా? ఉన్నది. దీపానికి 8 మీటర్ల దూరాన, నేలకు 1.5 మీటర్ల ఎత్తున ఉన్న మనిషి కన్ను మిరుమిట్లు గొనకుండ కాంతి క్రిందికి వంగి ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు ఆదేశించుచున్నవి. అయినను నియమాలకు విరుద్ధమైన తెల్లని బల్బులు బజారులో బాహాటంగా అమ్ముడుపోవుచున్నవి. ఎదుటి వాహనం ఉన్నంత మేరకే వెలుతురును తానై కప్పివేసే దీపాలు ఇదివరకే కార్లలో వచ్చినవి. మనవద్ద అవి ఖరీదైన కార్లకే పరిమితమైనవి. శాస్త్రవిజ్ఞానం ధనవంతుని కంటికి రక్షణగాను, శ్రామికుని కంటికి శిక్షగాను పరిణమించుటను మేము వ్యతిరేకించుచున్నాము.

కావున మా కోర్కెలివి. వాహనాల ఫిట్‌నెస్ పరీక్షలో దీపాల దిశను యంత్రంతో కొలువవలెను. కొన్నవానికే గాక అమ్మినవానికి కూడా జరిమానా విధించవలెను. టపా వాహనాలకు, సిబ్బందిని చేరవేసే బస్సులకు ఫాగ్ ల్యాంపులు తప్పనిసరి చేయవలెను. మంచు ఉన్న రాత్రి ఆలస్యమైనందుకు ఏ డ్రైవరునుండియు సంజాయిషీ అడుగరాదు.

సోదర ఉద్యోగులారా! అధికారులను అడుగుటతో మన పని తీరదు. హైబీమ్ తగ్గించే స్విచ్చి మన బొటనవ్రేలి క్రిందనే ఉన్నది. ఎదుటినుండి వచ్చేవాడు కూడ డ్యూటీ దిగి ఇంటికి పోవుచున్న కార్మికుడేనని గుర్తుంచుకొనవలెనని విజ్ఞప్తి.