దాచవలసింది తాళంచెవిని, విద్యని కాదు

సిమ్‌కార్డు పిన్ మూడుసార్లు తప్పు కొడితే బిగుసుకుపోతుందని మనలో చాలామందికి తెలుసు. విడిపించాలంటే కంపెనీవాళ్లిచ్చే పి.యు.కె. నంబరు కావాలి. దాన్నీ పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ ఇక శాశ్వతంగా పనికిరాదు. మన జేబులోని వస్తువుకి విరుగుడు పరాయివాళ్ల చేతుల్లో ఉండటం న్యాయమేనా? కాదంటాను నేను.

వేరే దారి లేకపోలేదు. ఓపెన్ పి.జి.పి. కార్డు అనే స్మార్ట్ కార్డుంది. ఉత్తరాల మీద సంతకానికీ, రహస్యలిపి విప్పడానికీ కావలసిన తాళంచెవులు దాని చిప్‌లోనే ఉంటాయి, బయటికి రావు. దాన్ని నడిపే గ్నూపీజీ అనే సాఫ్ట్‌వేర్‌ని జర్మనీకి చెందిన వెర్నర్ కోఖ్ 1997లో తొలిసారి విడుదల చేశాడు. పైసా ఇవ్వక్కర్లేదు, దాని సోర్సు కోడు ఎవరైనా చదువుకోవచ్చు.

మామూలుగా కొత్త కార్డు పిన్ 123456, అడ్మిన్ పిన్ 12345678. మొట్టమొదట ఈ రెండూ మార్చెయ్యాలి. పిన్ మూడుసార్లు తప్పితే అడ్మిన్ పిన్‌తో విడిపించుకోవచ్చు. అదీ మూడుసార్లు తప్పితే? ఆ ఏర్పాటున్న కార్డుల్లో ఫ్యాక్టరీ రీసెట్ అనే ఆజ్ఞ ఇస్తే కార్డు మళ్లీ కొత్తదవుతుంది. లోపలి తాళంచెవులు మాత్రం చెరిగిపోతాయి. పొలం తిరగదున్నితే మళ్లీ విత్తుకోవచ్చు గానీ పాత పైరు తిరిగిరాదు కదా!

"ఈ కిటుకు అందరికీ చెప్పేస్తే దొంగకీ తెలిసిపోదా?" అని మిత్రులు అడగొచ్చు. తెలియనివ్వండి! రీసెట్ చేస్తే వాడికి మిగిలేది ఖాళీ కార్డే. తాళం పనిచేసే తీరు శత్రువుకి తెలిసిపోయినా, చెవి మన దగ్గరుంటే రహస్యం నిలవాలని కెర్క్‌హాఫ్స్ అనే పండితుడు 1883లోనే సూత్రం చెప్పాడు.

అయితే హక్కుతోబాటు బాధ్యత కూడా ఉంది. కార్డులో తాళంచెవులు తయారు చేసేటప్పుడు, రహస్యలిపి విప్పే చెవికి బయట ఒక నకలు ఉంచమంటావా అని గ్నూపీజీ అడుగుతుంది. ఉంచుకుని తీరాలి. లేకపోతే రీసెట్ తర్వాత కార్డు బతుకుతుంది గానీ పాత ఉత్తరాలు ఎన్నటికీ విప్పలేం. విత్తనాలు దాచుకోకుండా గింజలన్నీ అమ్ముకునే రైతు ఎక్కడైనా ఉంటాడా?

కాబట్టి మిత్రులారా! మన ప్రయోగశాలల్లో ఒక కార్డు, ఒక రీడరు పెట్టించుకుందాం. కార్డుని కావాలనే బిగించి, మళ్లీ విడిపించడం నేర్చుకుందాం. అసలు కార్డు బిగుసుకున్నాక నేర్చుకుందామంటే, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే ఉంటుంది.