ట్రాక్టరు అలవాటు పెట్రోలు జీపుకు పనికిరాదు

పాత జీపుల మీద మోజు మళ్లీ పెరిగింది. తాతల నాటి పెట్రోలు జీపును చావిట్లోంచి బయటికి లాగి, కార్బురేటరు విప్పి బాగుచేసుకునే రైతు కుటుంబాలు ఉన్నాయి. మంచిదే, ఆ ఇనుము ఇప్పుడు రాదు. కానీ ఆ విప్పే పని ఎక్కడ చేస్తున్నారు? పశువుల పాక ముందు, గడ్డివాము పక్కన. పనిచేసే కుర్రాడి నోట్లో బీడీ. ఇదేం పని అంటే ‘ట్రాక్టరు దగ్గర ఇలాగే చేస్తాం కదండీ’ అంటారు.

చిక్కంతా అక్కడే. ట్రాక్టరుది డీజిలు. దానికి అంత తొందరగా నిప్పంటుకోదు. పెట్రోలు అలా కాదు. సున్నాకు 40 డిగ్రీలు కింద కూడా మంట అందుకునేంత ఆవిరి వదులుతుంది. మన ఎండల్లో ఎంత వదులుతుందో చెప్పనక్కర్లేదు. ఆ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోదు, నేలబారుగా పాకి పల్లంలో చేరుతుంది. పెరట్లో నీళ్ల పొయ్యి వెలుగుతుంటే దాన్ని వెతుక్కుంటూ పోయినట్టే పోతుంది. అందుకే గుంటలో దిగి, తలుపులు మూసిన షెడ్డులో ఈ పని చేయకూడదు. గాలి ఆడే ఆరుబయట, వాముకూ పొయ్యికీ దూరంగా చేయాలి.

పాత జీపుల్లో చాలావాటికి ట్యాంకు డ్రైవరు సీటు కిందే. పైపు ఊడదీసే ముందు బ్యాటరీ ఎర్తు వైరు తీసెయ్యాలి. స్పానరు ఎక్కడ తగిలి నిప్పురవ్వ లేస్తుందో ఎవరికి తెలుసు?

ఖాళీ ట్యాంకంటే మనవాళ్లకు మరీ చులకన. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు. ఖాళీదాంట్లో అడుగున మిగిలిన నాలుగు చుక్కలే ఆవిరై గాలితో కలుస్తాయి. వందలో ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్లు ఆవిరి ఉంటే చాలు, రవ్వ తగిలితే పేలుతుంది. అలాంటి ట్యాంకుకు చిల్లు పడిందని నీళ్లతో ఒకసారి కడిగి వెల్డింగుకు పంపడం దుస్సాహసం. అతుకుల్లో, తుప్పు పొరల్లో పెట్రోలు దాక్కునే ఉంటుంది. ట్యాంకు పని తెలిసినవాడికే ఇవ్వాలి, లేదా వేరే ట్యాంకు వేయించుకోవాలి.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఇంకొకటి. బండి స్టార్టు కాకపోతే ఒకడు సీసాతో కార్బురేటరు నోట్లో పెట్రోలు పోస్తాడు, ఇంకొకడు సెల్ఫు కొడతాడు. ఇంజను ఒక్కసారి వెనక్కి తుమ్మిందంటే మంట నేరుగా చేతిలో సీసాకే. ఇది మెకానిక్ తెలివి అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

రబ్బరు పైపుల సంగతి కూడా చూసుకోవాలి. పెట్రోల్లో కలిపే ఇథనాల్ 2025లో 20 శాతానికి చేరింది. మన చెరుకు, మొక్కజొన్నలకు గిరాకీ తెచ్చేదే, కాదనం. కానీ పాతకాలపు రబ్బరుకు అది పడదు. ఉబ్బి, మెత్తబడి, చీలి కారుతుంది. కారేది వేడి ఇంజను మీద. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు, కొత్త క్లిప్పులు వేయించాకే బండి రోడ్డెక్కించాలి.

మంట లేస్తే నీళ్లు కొట్టకండి. పెట్రోలు నీళ్ల మీద తేలి మంటను ఇంకా పరుస్తుంది. పొడి చిమ్మే సిలిండరు పక్కనే ఉండాలి. జీపు టైరు ఖరీదు కూడా కాదది. చిన్న మంటైతే పొడి ఇసుక కప్పినా ఆగుతుంది. పెద్దదైతే దూరం జరిగి 101కు ఫోను చేయాలి. సిలిండరు లేని చోట పెట్రోలు బండి విప్పనని మెకానిక్‌లే పట్టుబడితే బాగుంటుంది. పని మధ్యలో తీసిన పెట్రోలు బిగుతు మూత ఉన్న ఇనప డబ్బాలోకే పోయాలి. రంగుల బకెట్లోకి, తాగునీటి సీసాలోకి కాదు. ఇంట్లో పిల్లలుంటే ఆ సీసా ఇంకా ప్రమాదం.