చవక కరెంటు రాత్రి నుంచి పగటికి వచ్చేసింది, మరి మన మోటార్ల టైం ఎప్పుడు మారుతుంది?

మా తోటలో నీళ్ల తొట్టి, మోటారు టైమరు ఎలా బిగించామో వీడియోలో చూశారు. అందులో చెప్పడానికి టైం సరిపోని మాట ఒకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నాను. సూటిగా చెప్తాను: వ్యవసాయానికి కరెంటు ఎండ ఉన్న గంటల్లోనే ఇవ్వాలి. "రాత్రి కరెంటు మిగులుతుంది కాబట్టి రైతుకు రాత్రి ఇద్దాం" అనే లెక్క పాతబడిపోయింది.

అసలు ఆ లెక్క ఎక్కడిది? బొగ్గు ప్లాంటు గానీ, అణు ప్లాంటు గానీ మన ఇంట్లో బల్బులాగా స్విచ్ వేసి ఆపేవి కావు. బాయిలర్ చల్లారితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది. అందుకని జనం పడుకున్నాక కూడా అవి నడుస్తూనే ఉంటాయి. ఆ కరెంటు ఎవరో ఒకరు వాడాలి. మన దగ్గర అది బోరు మోటార్లకు వచ్చింది. చలి దేశాల్లో ఇళ్లు వెచ్చగా ఉంచడానికి పోయింది.

బ్రిటన్ సంగతే చూడండి. 1978లో అక్కడ ఎకానమీ 7 అని ఒక టారిఫ్ పెట్టారు. రాత్రి 7 గంటలు యూనిట్ చవక. దానికోసం ఇళ్లలో స్టోరేజీ హీటర్లు పెట్టుకున్నారు. అదేం పెద్ద మిషను కాదు, ఇనప డబ్బాలో బరువైన ఇటుకలు. రాత్రంతా కరెంటుతో ఇటుకలు వేడెక్కుతాయి, పగలంతా మెల్లగా వేడి వదులుతాయి. మంట ఆర్పాక కూడా మన మట్టిపొయ్యి వెచ్చగా ఉంటుంది చూడండి, అదే సూత్రం. చాలా ఇళ్ల మీటర్లకు ఎప్పుడు రేటు మారాలో చెప్పే సిగ్నల్ బీబీసీ రేడియో 4 లాంగ్‌వేవ్ ప్రసారంలో కలిపి పంపేవాళ్లు.

తర్వాత పరిస్థితి మారింది. ఎక్కువ ఇళ్లు గ్యాస్ హీటింగుకు వెళ్లాయి. బొగ్గు ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడి, చివరిది 2024 సెప్టెంబరు 30న ఆగిపోయింది. ఆ రేడియో సిగ్నల్‌ని కూడా 2025 జూన్ 30 నుంచి దశలవారీగా ఆపేయడం మొదలుపెట్టారు. రాత్రి చవక పూర్తిగా పోయిందని కాదు. ఎలక్ట్రిక్ కారు, స్మార్ట్ మీటరు ఉన్నవాళ్లకు కొత్త పేర్లతో దొరుకుతూనే ఉంది. దెబ్బ తగిలింది ఎవరికంటే, గ్యాస్ లైను లేని అపార్ట్‌మెంట్లో పాత హీటరుతో అద్దెకుంటున్నవాళ్లకు. ఎందుకంటే ఎకానమీ 7లో రాత్రి తగ్గించిన దానికి బదులు పగటి యూనిట్ మామూలు రేటు కన్నా ఎక్కువ ఉంటుంది. సాయంత్రానికి ఇటుకలు చల్లారితే ఆ ఎక్కువ రేటు కరెంటే వాడుకోవాలి. హీటరు వాళ్లు కొన్నది కాదు, మార్చే హక్కూ వాళ్లకు లేదు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇక్కడ కరెంటు ఎక్కువగా మిగిలేది మధ్యాహ్నం, సోలార్ వల్ల. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం సోలార్ గంటల్లో రేటు మామూలు కన్నా 10 నుంచి 20 శాతం తక్కువ ఉండాలి, పీక్ గంటల్లో 10 నుంచి 20 శాతం ఎక్కువ. 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పరిశ్రమల కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి, మిగతావాళ్లకు 2025 ఏప్రిల్ 1 నుంచి అన్నారు. ఇందులో వ్యవసాయాన్ని మాత్రం వదిలేశారు.

వదిలేయడం మంచిదే కదా అనుకోవచ్చు. రేటు విషయంలో మంచిదే. ఉచిత కరెంటు ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. బిల్లు కట్టని రైతు ధర కట్టట్లేదా? టైం రూపంలో కడుతున్నాడు. అర్ధరాత్రి త్రీఫేజ్ వస్తే సెల్‌ఫోను లైటు పట్టుకుని గట్ల మీద నడిచేది మనమే. తడి చేతులతో స్టార్టరు డబ్బా ముట్టుకునేదీ, పాము ఉందో లేదో చూడకుండా కాలు పెట్టేదీ మనమే. ఆ ధర ఏ బిల్లులోనూ కనపడదు.

ఆంధ్రలో పగలే 9 గంటలు అన్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇస్తామన్నారు. రెండూ మంచి నిర్ణయాలే. కానీ కాగితం మీద గంటలు వేరు, ఫీడరు మీద గంటలు వేరు అని ఊళ్లలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 24 గంటలు ఇస్తే గొడవే లేదు కదా అని కొందరంటారు. ఆటో స్టార్టరు పెట్టి వదిలేస్తే రాత్రంతా బోరు నడుస్తుంది, మడి నిండి పక్క చేనులోకి పారుతుంది. భూమిలో నీళ్లు మనవే కదా, పిల్లలకు కూడా మిగలాలి.

ఇంకో అభ్యంతరం: మిట్టమధ్యాహ్నం నీళ్లు పెడితే ఆవిరైపోతాయి. నిజమే. అందుకే వీడియోలో తొట్టి చూపించింది. పగలు మోటారుతో తొట్టి నింపుకోండి, సాయంత్రం డ్రిప్పులోకి వదలండి. తొట్టి 10 అడుగుల ఎత్తున ఉంటే సుమారు 0.3 కిలోల ప్రెషరు వస్తుంది, తక్కువ ప్రెషరుతో నడిచే డ్రిప్పు కిట్లకు అది చాలు. బ్రిటన్ వాళ్లు ఇటుకల్లో వేడి దాచుకున్నట్టు మనం నీళ్లు దాచుకుంటాం. దానిమీద ఆచ్ఛాదన గట్టిగా వేస్తే తడి ఇంకా రెండు మూడు రోజులు నిలుస్తుంది. గానుగ, పిండిమర, డ్రయ్యరు నడిపేవాళ్లు కూడా పనిని ఉదయం తొమ్మిది తర్వాతకు మార్చుకుంటే బిల్లులో తేడా చూస్తారు. ముందు మీ కనెక్షన్‌కి టైం ప్రకారం రేటు వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోండి.

అందరి మోటార్లూ ఒకేసారి ఆన్ అయితే వోల్టేజీ పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. ఇది కూడా నిజమే. దానికి మార్గం పగటిలోనే రెండు గ్రూపులు చేయడం. సబ్‌స్టేషన్ దగ్గరే సోలార్ పెట్టి ఫీడరుకు ఇవ్వడానికి పీఎం కుసుమ్‌లో వీలుంది. గుజరాత్‌లో 2020లోనే రైతులకు పగటి కరెంటు కోసం ప్రత్యేకంగా పథకం మొదలుపెట్టారు.

కాబట్టి నేను అడిగేది మూడు. ఒకటి, ఫీడరు వారీగా పగటి టైమింగ్స్ పంచాయతీ బోర్డు మీద రాయాలి. రెండు, టైం మార్చాలంటే సీజను మధ్యలో కాకుండా ముందే చెప్పాలి. మూడు, టైమరు, తొట్టి లాంటి వాటికి సన్నకారు రైతుకు సబ్సిడీ ఇవ్వాలి. లేకపోతే బ్రిటన్‌లో పాత హీటరుతో మిగిలిపోయిన అద్దె ఇంటివాళ్ల గతే రేపు మన కౌలు రైతుకు పడుతుంది. బోరు అతనిది కాదు, కనెక్షన్ అతని పేరు మీద ఉండదు.

పదిమంది సంతకాలు పెట్టి సబ్‌స్టేషన్‌లో ఏఈ గారికి అర్జీ ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మీ ఫీడరుకు త్రీఫేజ్ ఏ టైముకి వస్తోందో కింద రాయండి, వచ్చే వీడియోలో అందరివీ కలిపి చూద్దాం.